పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగిన గుర్రాన్ని స్వారీకి మళ్ళించడం: పగ్గం ఎప్పుడు బిగించాలి, ఎప్పుడు వదలాలి

మీరు అడిగినవన్నీ ముందు ఒకచోట పెడతాను, మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. విశాఖ శివారు కాపులుప్పాడ దగ్గర తోటలో ఏడేళ్ళ మార్వాడీ ఆడగుర్రం ఉంది, ఇంతకుముందు పెళ్ళి ఊరేగింపుల్లో తిరిగింది. పట్టుకుని నడిపిస్తే భుజంతో తోసుకుంటూ పోతోంది. ఎక్కబోతే కదిలిపోతోంది. పగ్గాలు బిగించి ఆపబోతే ఆగకుండా నిలబడ్డచోటే చిందులేస్తోంది, రెండుసార్లు ముందుకాళ్ళు పైకి లేపింది. బీచ్ నుంచి ఇంటివైపు తిప్పితే ఇక చేతిలో ఉండటం లేదు. కాంటే కళ్ళెం వేస్తే దారికొస్తుందని ఎవరో చెప్పారు. ఎన్నాళ్ళు పడుతుంది, పన్నెండేళ్ళ పాప ఎప్పుడు ఎక్కొచ్చు అని అడిగారు.

కాంటే కళ్ళెం మాట ముందు తేల్చేస్తాను. వద్దు. ముళ్ళూ బొడిపెలూ ఉన్న కళ్ళేలను బండి లాగే, బరువు మోసే జంతువుల మీద క్రూరత్వాన్ని నివారించే 1965 నాటి నిబంధనలు నిషేధించాయి. చట్టం సంగతి పక్కన పెట్టినా, అది మీ కష్టాన్ని తగ్గించదు, పెంచుతుంది. నోట్లో నొప్పి పుట్టిన గుర్రానికి తెలిసిన దారులు మూడే. తల ఎత్తేసి బిట్‌ని (కళ్ళెంలో నోట్లో ఉండే కడ్డీని) తప్పించుకోవడం, ముందుకు పారిపోవడం, ముందుకు దారి లేకపోతే పైకి లేవడం. మీ గుర్రం ఈ మూడూ ఇప్పటికే చేస్తోంది. ఇంకా నొప్పి పెడితే ఇంకా బాగా చేస్తుంది.

ఇది మొండి గుర్రం కాదండీ. నేర్చుకున్న పాఠాన్ని తు.చ. తప్పకుండా అప్పజెబుతోంది. ఊరేగింపు గుర్రానికి చిందులు ఎలా నేర్పుతారో చూస్తే మీకే తెలుస్తుంది. పగ్గాలు బిగించి తల కదలనివ్వరు, వెనక నుంచి కాళ్ళ మీద కర్రతో తడతారు. ముందుకు పోవడానికి లేదు, నిలబడటానికీ లేదు. ఆ ఇరుకులో గుర్రం కాలు పైకెత్తి తొక్కగానే దెబ్బ ఆగుతుంది. కొన్ని వారాలకి కర్ర అక్కర్లేదు, పగ్గం బిగిసి డప్పు వినిపిస్తే చాలు, కాళ్ళు లేస్తాయి. ఇప్పుడు మీరు ఆపుదామని రెండు పగ్గాలూ బిగిస్తున్నారు, భయంతో మడమలు కూడా పొట్టకి బిగుసుకుంటున్నాయి. దాని లెక్కలో అది నాట్యం చేయమన్న ఆజ్ఞ. ముందుకాళ్ళు లేపినప్పుడు మీరు ఉలిక్కిపడి పగ్గం వదిలారు కదా, అక్కడ ఇంకో పాఠం పడింది: పైకి లేస్తే పగ్గం వదులుతారు.

గుర్రానికి ఒత్తిడి ఒక ప్రశ్న లాంటిది మాత్రమే. జవాబు ఒత్తిడి ఆగిన క్షణంలో దొరుకుతుంది. ఆ క్షణంలో ఏం చేస్తోందో అదే సరైనదని గుర్తుపెట్టుకుంటుంది. మీరు వదలడం రెండు సెకన్లు ఆలస్యమైతే అప్పటికి అది వేరే పని మొదలెట్టేసి ఉంటుంది, ఆ వేరే పనే నేర్చుకుంటుంది. కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయాన్ని నేల మీద మొదలుపెట్టి జీను మీదికి తీసుకెళ్ళడమే.

మొదలెట్టే ముందు ఒక పూట ఒంటిని చూడండి. నొప్పి ఉన్న గుర్రానికి శిక్షణ ఇవ్వడం కుదరదు. మూపు నుంచి నడుము దాకా వెన్నెముకకి రెండువైపులా కండ మీద వేళ్ళ కొసలతో, గోళ్ళు తగలకుండా, కాస్త గట్టిగా నొక్కుతూ వెళ్ళండి. ఒకేచోట ప్రతిసారీ నడుము దిగజార్చినా, చెవులు వెనక్కి వాల్చినా, తోక విసిరినా అక్కడ నొప్పి ఉన్నట్టే. మూపు మీద తెల్ల వెంట్రుకల మచ్చలుంటే అవి పాత జీను పుళ్ళ గుర్తులు. అలంకారం జీనులు ఒక కొలతకి చేసి అన్ని గుర్రాలకీ కడతారు కాబట్టి ఇవి మామూలే. మీరు వాడే జీనుకి, మూపుకి మధ్య మనిషి కూర్చున్నాక కూడా రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. వెన్నెముక మీద ఎక్కడా తగలకూడదు.

నోరు డాక్టరుగారి చేత చూపించండి. పెదవుల మూలలు, నాలుక, ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య పళ్ళు లేని ఖాళీ చిగురు, ఈ మూడు చోట్లా పాత గాయాలు వెతకాలి. బిట్ కూర్చునేది ఆ ఖాళీ చిగురు మీదే. గుర్రం పళ్ళు అరుగుతూ పెరుగుతూ ఉంటాయి. పై దవడకి బయటి అంచూ, కింది దవడకి లోపలి అంచూ పదునెక్కి బుగ్గనీ నాలుకనీ కోస్తాయి. ఏడాదికోసారి ఆకురాయితో అరగదీయించాలి. మొదటి దవడపన్ను ముందు చిన్న మొలక పన్ను కొన్నిటికి ఉంటుంది, బిట్ దానికి తగిలితే తల విదిలిస్తాయి. అదే రోజు ధనుర్వాతం టీకా, గ్లాండర్స్ అనే అంటురోగం పరీక్ష సంగతి కూడా మాట్లాడండి. గ్లాండర్స్ మనుషులకీ అంటుతుంది, కాబట్టి ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన గుర్రానికి ఈ పరీక్ష దాటవేయొద్దు. వచ్చిపోయే జ్వరం, చిక్కిపోవడం, కాళ్ళ వాపు ఉంటే సర్రా అనుమానించాలి. జోరీగలు కుట్టడం వల్ల వచ్చే జబ్బు అది. నీరసంగా ఉన్న గుర్రాన్ని సోమరి అనుకుని కొట్టేవాళ్ళు చాలామంది దీన్నే చూసుకోరు. ఊళ్ళో గుర్రాలు చూసే డాక్టరు దొరక్కపోతే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

గిట్టలు ఐదు నుంచి ఎనిమిది వారాలకోసారి కోయించాలి. తారు రోడ్డు తగ్గి ఇసుకా ఎర్రమట్టీ మీదే తిరిగేటట్టయితే నాడాలు తీయించడం గురించి కూడా ఆలోచించవచ్చు.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. మెత్తటి హాల్టర్ (నోట్లో కడ్డీ లేకుండా ముఖానికి కట్టే పట్టీ) ఒకటి, నాలుగు మీటర్ల కాటన్ తాడు ఒకటి. తాడు బొటనవేలంత మందం ఉండాలి. సన్న నైలాన్ తాడు ఒక్కసారి జారితే అరచేతి తోలు ఊడొస్తుంది. ఏడెనిమిది మీటర్ల పొడవు తాడు ఇంకొకటి, నాలుగడుగుల సన్నటి కర్ర ఒకటి. కర్ర కొట్టడానికి కాదు, చెయ్యి అందని చోట తట్టడానికి. చేతి తొడుగులు, హెల్మెట్, ముందు గట్టిగా ఉండే బూట్లు మీకు. చెప్పులతో గుర్రం దగ్గరికి వెళ్ళడం మన దగ్గర అలవాటైపోయింది, అది మానేయాలి. తాడుని చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా అరచేతిలో పట్టుకోండి. చుట్టుకున్న తాడుతో గుర్రం పరుగెత్తితే వేళ్ళు పోతాయి.

చోటు కోసం సరుగుడు వాసాలతో యాభై అరవై అడుగుల వెడల్పున గుండ్రంగా దడి కట్టించండి. మీ వైపు సరుగుడు దొరకని ఊరు లేదు కదా. ఐదడుగుల ఎత్తు చాలు. అడ్డవాసాలు లోపలివైపు కట్టాలి, అప్పుడు గుర్రం ఒరుసుకున్నా మోకాలు గుంజలకి తగలదు. ముళ్ళకంచె దరిదాపుల్లో ఉండకూడదు. కింద మూడు నాలుగు అంగుళాల ఇసుక చాలు, అంతకన్నా లోతైతే కాళ్ళ వెనక టెండన్ల (కండని ఎముకకి కలిపే తాళ్ళ) మీద భారం పడుతుంది.

ఇక నడిపించడం. దీని మీద మీరు అనుకున్న దానికంటే ఎక్కువ రోజులు పెట్టాలి, ఎందుకంటే పైన కూర్చున్నాక వచ్చే తగువులన్నీ ఇక్కడే మొదలవుతాయి.

గుర్రానికి ఎడమవైపు, తలకీ భుజానికీ మధ్య, రెండడుగుల దూరంలో నిలబడండి. కుడిచేయి హాల్టర్ నుంచి ఒక జానెడు కిందుగా తాడు మీద, మిగతా తాడు మడతలు ఎడమచేతిలో. తాడుని మెల్లగా ముందుకి బిగించండి, లాగొద్దు. బిగువు ఎంతంటే, నిండు లీటరు సీసా చేతిలో వేలాడితే తెలిసేటంత. అలాగే ఉంచి ఆగండి. గుర్రం మెడ బిగిస్తుంది, తల ఎత్తుతుంది, చూపు పక్కకి తిప్పుతుంది. మీరు బిగువు పెంచొద్దు, తగ్గించొద్దు. ఎప్పుడో ఒకప్పుడు బరువు ముందుకి వాలుతుంది. కాలు ఇంకా లేవదు, ఛాతీ ముందుకి వస్తుంది అంతే. ఆ వాలుకే వేళ్ళు విప్పేయండి, తాడు వేలాడిపోవాలి. మూడు నాలుగు సెకన్లు ఏమీ చేయకండి. మళ్ళీ అడగండి. రెండోసారి వాలు త్వరగా వస్తుంది, ఐదారుసార్లకి ఒక అడుగు పడుతుంది. ఒక అడుగు పడ్డాక వాలుకి వదలడం మానేసి అడుగుకి వదలండి, తర్వాత రెండడుగులకి.

ఇది తప్పే చోట్లు మూడు. ఒకటి, అడుగు పడిన తర్వాత కూడా తాడు బిగువుగానే ఉంచడం. వదులుతున్నాం అనుకుంటాం గానీ వేళ్ళు విప్పం. సైస్‌ని (గుర్రాన్ని చూసుకునే మనిషిని) దూరంగా నిలబెట్టి మీ చేతినే చూడమనండి, ఫోన్‌లో వీడియో తీయించుకోండి, కనపడిపోతుంది. రెండు, గుర్రం ఎదురు తిరగ్గానే జాలిపడి వదిలేయడం. అంటే ఎదురు తిరగడానికి జీతం ఇచ్చారన్నమాట. మూడు, బలానికి బలం. నాలుగు వందల కిలోల జంతువుతో తాడు లాగుడు పోటీ పెట్టుకుంటే ఎవరు గెలుస్తారో దానికి తెలియనంతవరకే మనకి క్షేమం.

భుజంతో తోయడానికి మందు వెనక్కి నడపడం. గుర్రానికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడి, తాడుని దాని ఛాతీవైపు బిగించండి. చాలకపోతే కర్ర కొసతో ఛాతీ మీద ఒకే లయలో తట్టండి, నెమ్మదిగా మొదలెట్టి గట్టిపడుతూ. ఒక్క అడుగు వెనక్కి వేయగానే తట్టడం ఆగాలి, తాడు వదులు కావాలి. రెండు మూడు అడుగులు తేలిగ్గా వస్తున్నాయంటే, నడుస్తూ నడుస్తూ భుజం మీ మీదకి వచ్చినప్పుడల్లా మోచేయి పక్కకి విప్పి ఆగి, నాలుగడుగులు వెనక్కి నడిపి మళ్ళీ పదండి. కోపం వద్దు, అరవొద్దు. మీరు పక్కకి తప్పుకోవడం మాత్రం వద్దు, ఇన్నాళ్ళూ అదే జరిగింది. మీరు తప్పుకున్న ప్రతిసారీ దారి తనదని నేర్చుకుంది.

మూడో పాఠం వెనుకభాగం తిప్పించడం. ఇదే రేపు మీ బ్రేకు. ఎడమవైపు నిలబడి గుర్రం ముక్కుని కొంచెం మీ వైపు తిప్పుకోండి. గర్త్ పట్టీకి (జీనుని పొట్ట కింద బిగించే పట్టీకి) ఒక జానెడు వెనక, మీ మడమ తగిలే చోట, బొటనవేలితో నొక్కండి. వెనక ఎడమకాలు కుడికాలి ముందు నుంచి దాటి అడుగు పడాలి, అప్పుడే వేలు తీయండి. కాలు వెనక నుంచి దాటితే లెక్కలోకి రాదు, అది తప్పించుకోవడం. రెండువైపులా ఇది వెన్నలా వచ్చేదాకా జీను కట్టొద్దు. వెనకకాళ్ళు అడ్డంగా దాటుతున్న గుర్రం అదే సమయంలో బలంగా ముందుకు దూకలేదు, పైకీ లేవలేదు. రెండిటికీ వెనకకాళ్ళు రెండూ సమంగా నేల తన్నాలి కదా.

నాలుగోది అందరూ వదిలేసేది: ఊరికే నిలబడటం. తాడు వదులుగా ఉంచి నిలబెట్టండి. కదిలితే అదే చోటికి వెనక్కి తెచ్చి మళ్ళీ వదలండి. మొదటి రోజు పది సెకన్లు, వారానికి రెండు నిమిషాలు. ఊరేగింపు గుర్రానికి ఇది అన్నిటికన్నా కష్టం, నిలబడి ఉండటమంటే దానికి తర్వాత గోల మొదలవుతుందని అర్థం. ఇక్కడ ఓపిక పడితే ఎక్కేటప్పుడు కదిలే జబ్బు సగం పోతుంది.

పూటకి పదిహేను, ఇరవై నిమిషాలు మించొద్దు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. బాగా చేసిన చోట ఆపేయండి. ఇంకొక్కసారి అన్న ఆశే చాలా పాఠాల్ని పాడుచేస్తుంది. పెదవులు ఆడించడం, తల దించి నిట్టూర్చడం, కనురెప్ప మెత్తబడటం కనిపిస్తే ఒత్తిడి దిగుతోందని అర్థం. చూపు బిగుసుకుని ముక్కుపుటాలు గట్టిపడి తోక అణిచిపెట్టి నిశ్చలంగా నిలబడితే అది శాంతం కాదు, పేలబోయే ముందు నిలబడటం. తెలియనివాళ్ళు దాన్ని చూసి మెచ్చుకుని వీపు తడతారు.

బెల్లం ముక్క చేతిలోంచి పెట్టే అలవాటు ఈ గుర్రంతో ఆపండి. తోసే గుర్రం జేబులు వెతకడం, తర్వాత కొరకడం మొదలెడుతుంది. పెట్టాలనుకుంటే బకెట్‌లో వేయండి.

పొడవు తాడు మీద గుండ్రంగా తిప్పడం గురించి అడగలేదు గానీ, చుట్టుపక్కల ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి: అలిసిపోయేదాకా తిప్పడం వల్ల గుర్రానికి దమ్ము పెరుగుతుంది, బుద్ధి పెరగదు. చిన్న వలయంలో కీళ్ళ మీద భారం ఎక్కువ. పది నిమిషాలు చాలు, రెండు మూడు నిమిషాలకోసారి దిశ మార్చండి. మీరు చూడాల్సింది వేగం కాదు, మాట మీద నడక నుంచి ట్రాట్‌కి (చిన్న పరుగుకి) వెళ్ళి మళ్ళీ నడకకి దిగుతోందా అన్నది. ఆగు, పద, వెనక్కి, ఈ మూడు మాటలే ఇంట్లో అందరూ వాడాలి. పాత యజమాని ఏ మాటలు వాడాడో కనుక్కుంటే ఇంకా మంచిది, వాటికి అది ముందే స్పందిస్తుంది. ఇంకో సంగతి, మార్వాడీల్లో కొన్నిటికి పుట్టుకతోనే రేవాల్ అనే నడక ఉంటుంది, ట్రాట్‌లా ఎగరదు, సాఫీగా జారుతున్నట్టు పోతుంది. అది కనిపిస్తే కుంటుతోందని కంగారుపడొద్దు.

ఎక్కడం. గర్త్ పట్టీ ఒక్కసారే బిగించొద్దు. జీను పెట్టగానే కొంచెం, రెండు నిమిషాలు నడిపించి ఇంకొంచెం, ఎక్కే ముందు చివరిది. కింద రెండు వేళ్ళు దూరాలి. నేల మీద నుంచి రికాబు పట్టి వేలాడుతూ ఎక్కితే జీను పక్కకి జారి మూపు మీద నొక్కుకుంటుంది. అడుగున్నర ఎత్తు చెక్క పెట్టె వాడండి. పెట్టె పక్కన నిలబడటం ఒక పాఠం, పెట్టె మీద మీరు ఎక్కితే నిలబడటం ఇంకోటి, జీను మీద బరువు ఆనిస్తే నిలబడటం ఇంకోటి. ఎక్కడ కదిలితే అక్కడి నుంచి ఒక మెట్టు వెనక్కి. కూర్చున్నాక వెంటనే పద అనొద్దు. మనసులో పది లెక్కపెట్టుకుని, మళ్ళీ దిగిపోండి. ఇలా కొన్ని పూటలు కేవలం ఎక్కి కూర్చుని దిగితే, మనిషి ఎక్కితే పరుగు అన్న లెక్క చెరిగిపోతుంది.

దడి లోపల మొదటి స్వారీలు నడకలోనే. బిట్ మందంగా, నున్నగా, మధ్యలో కీలున్నది చాలు. దాని నోరు పుండుగా ఉంటే కొన్నాళ్ళు బిట్ లేకుండా హాల్టర్‌కే పగ్గాలు కట్టి దడిలో తిరగండి. మొదటి నియమం, కాలూ పగ్గమూ ఒకేసారి వాడొద్దు. పద అన్నప్పుడు చేతులు ముందుకి ఇచ్చేయాలి, ఆగు అన్నప్పుడు మడమలు పొట్టకి దూరంగా ఉండాలి. రెండూ కలిస్తే దానికి మళ్ళీ పెళ్ళి బ్యాండు వినిపిస్తుంది.

ఆపడం రెండు పగ్గాలతో కాదు, ఒక్కదానితో నేర్పండి. నడుస్తూ ఊపిరి వదిలి నడుము బరువుగా కూర్చోండి. తర్వాత ఎడమ పగ్గం మీద చెయ్యి జార్చి పొట్టిగా పట్టి, మోకాలి వైపు తెచ్చి తొడ మీద ఆనించండి. కుడి పగ్గం పూర్తిగా వదులు. గుర్రం మెడ వంచుతుంది, నేల మీద నేర్పినట్టే వెనుకభాగం పక్కకి దాటుతుంది, ఆగుతుంది. కాళ్ళు ఆగి, ముక్కు ఒక్క అంగుళం మీ వైపు మెత్తబడగానే వదిలేయండి. రెండువైపులా నడకలో రోజుకి పది పదిహేనుసార్లు. ఇది ఒంటికి పట్టాకే ట్రాట్. క్యాంటర్‌లో (ట్రాట్ కన్నా వేగమైన దౌడులో) ఉన్న గుర్రం మెడని ఇలా ఒక్కసారిగా తిప్పితే కాళ్ళు మెలిపడి మీ మీదే పడుతుంది, కాబట్టి వేగంలో పెద్ద వలయం తీసి మెల్లగా చిన్నది చేసుకుంటూ రావాలి.

చిందులు మొదలైతే చేతులు ముందుకి ఇచ్చి వలయంలోకి తిప్పండి, కాళ్ళకి పని చూపించండి. ముందుకాళ్ళు లేస్తే పగ్గాలు వదిలి జూలు పట్టుకుని ముందుకి వాలండి. గాల్లో ఉన్నప్పుడు పగ్గం పట్టి వేలాడితే వెల్లకిలా పడుతుంది, గుర్రం స్వారీలో అంతకన్నా పెద్ద ప్రమాదం లేదు. కాళ్ళు నేలకి తగిలిన క్షణమే ముందుకీ పక్కకీ పంపండి. వారంలో మళ్ళీ మళ్ళీ లేస్తోందంటే మీరు ఎక్కడం ఆపి, అనుభవమున్న మనిషిని పిలిపించుకోవాలి. ఇది పుస్తకం చూసి నేర్చుకునే భాగం కాదు.

ఇంటివైపు పరుగు గురించి. ఇంట్లో ఏముంది? జీను దిగుతుంది, నీళ్ళు, దాణా, నీడ. బీచ్‌లో ఏముంది? పని. దాని లెక్కలో తప్పు లేదు, లెక్క మీరే మార్చాలి. ఇంటికి రాగానే జీను విప్పి దాణా పెట్టడం మానేయండి. దడిలోకి తీసుకెళ్ళి పది నిమిషాలు వెనక్కి నడపడం, పక్కకి దాటించడం చేయించి, అరగంట కట్టేసి, అప్పుడు దాణా. దూరంగా వెళ్ళిన చోట దిగండి, గర్త్ వదులు చేసి పచ్చగడ్డి మేయనివ్వండి. మొదట ఇల్లు కనపడే దూరం దాకే వెళ్ళి, అది తొందరపడకముందే తిరగండి. నడక వేగం పెరిగిన చోట ఒక వలయం, మళ్ళీ ఇంటివైపు పది అడుగులు, మళ్ళీ వలయం. ఆఖరి అర కిలోమీటరు దిగి నడిపించుకు రండి.

బీచ్‌కి తొందర లేదు. వెళ్ళేటప్పుడు నీటి అంచున తడిగా గట్టిపడిన ఇసుక మీద నడక, ట్రాట్ మాత్రమే. పైన పొడి ఇసుకలో గిట్ట దిగిపోతుంది, అలవాటు లేని కాళ్ళకి పది నిమిషాలే ఎక్కువ. తీరం సముద్రంవైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒకేవైపు పోతూ ఉంటే ఒకపక్క కాళ్ళ మీదే భారం, వెళ్ళినంత దూరం తిరిగి రావాలి. వెనక్కి జారే అల నురగ కాళ్ళ కింద నేలే కదిలినట్టు కనిపించి గుర్రం పక్కకి దూకుతుంది, మొదట్లో పది గజాల దూరంలో నిలబెట్టి చూడనివ్వండి. గిట్ట పై కీలు మునిగే లోతు దాటొద్దు. మన తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు మనుషుల్నే ఏటా మింగుతున్నాయి. మంగమారిపేట వైపు పడవల దగ్గర ఇసుకలో పూడిన వలలూ తాళ్ళూ చూసుకోండి, కాలికి చిక్కుకుంటే అంతే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, పోటు గీత పైనున్న ఇసుకలో తొక్కొద్దు. ఎర్రమట్టి దిబ్బల్లోకి గుర్రాన్ని అసలు తీసుకెళ్ళొద్దు, అంచులు విరిగిపడతాయి, అది కాపాడుకోవాల్సిన చోటు కూడా. ఇంటికొచ్చాక కాళ్ళు మంచినీళ్ళతో కడగాలి.

ఇసుకతో ఇంకో ముప్పు పొట్టలో. నేల మీద గడ్డి వేస్తే తిండితో పాటు ఇసుక పోయి పేగుల్లో పేరుకుంటుంది, కడుపునొప్పి వస్తుంది. బకెట్ నీళ్ళలో నేల తగలని ఐదారు లద్దె ఉండలు కలిపి పావుగంట వదిలేయండి. అడుగున ఇసుక కనిపిస్తే డాక్టరుగారిని అడిగి ఇసబ్గోల్ మొదలెట్టించండి. గడ్డి తొట్టిలోనో రబ్బరు షీటు మీదో వేయండి.

ఎండ సంగతి. మొదట్లో చెప్పిన 1965 నిబంధనల్లోనే 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా జంతువుతో పని చేయించకూడదని ఉంది. విశాఖలో ఆ అంకె నమ్ముకుంటే మోసపోతారు. ఇక్కడి ఉక్కకి 32 డిగ్రీలకే చెమట సరిగా ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉదయం ఐదున్నర, ఏడున్నర మధ్యే పని. పని ముందు విశ్రాంతిలో ఊపిరి నిమిషానికి 8 నుంచి 16, నాడి 28 నుంచి 44, ఒంటి వేడి 37.2 నుంచి 38.3 డిగ్రీలు మామూలు. పని తర్వాత పది నిమిషాలకీ రొప్పుతుంటే ఒళ్ళంతా చల్లటి నీళ్ళు పోస్తూనే ఉండాలి. వేడి ఒంటి మీద చన్నీళ్ళు పోస్తే పట్టేస్తుందన్నది వట్టి మాట. అన్ని గుర్రాలూ తడిసి ముద్దైనప్పుడు మీది మాత్రం పొడిగా ఉండి రొప్పుతుంటే చెమట పట్టని జబ్బు కావచ్చు, ఉక్క ఎక్కువ ఉండే చోట్ల గుర్రాలకి వస్తుంది. ఆ పూట పని ఆపి డాక్టరుకి చూపించండి. నీళ్ళు రోజుకి పాతిక నుంచి నలభై ఐదు లీటర్లు, వేసవిలో ఇంకా ఎక్కువ. ఉప్పు రోజుకి 30 గ్రాములు, చెమట పట్టిన రోజు ఎక్కువ. గడ్డీ చొప్పా కలిపి ఒంటి బరువులో రెండు శాతం దగ్గర. ఉలవలూ దాణా పెంచి పని పెంచకపోతే మీరు నేర్పిన నిలబడటం గాలికి పోతుంది.

డప్పుల్ని చివరికి ఉంచండి. వినిపించే దూరంలో నిలబెట్టి నేల మీద పాఠాలే చేయించండి, కాళ్ళు లేవని దూరం నుంచి రోజుకి కొంచెం దగ్గరికి. మాఘ మాసం ముహూర్తాల రోజుల్లో రోడ్డెక్కొద్దు.

ఎన్నాళ్ళు అంటే, నేల మీద రెండు మూడు వారాలు, దడిలో స్వారీ నెల నుంచి నెలన్నర, బీచ్ ఆ తర్వాత. తేదీ చూసి కాదు, పైన చెప్పినవి రెండువైపులా వచ్చాయా అని చూసి ముందుకెళ్ళండి. బరువు టేపుతో లెక్కకట్టుకోండి: ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత సెంటీమీటర్లలో వర్గం చేసి, భుజం కొస నుంచి పిరుదు కొస దాకా పొడవుతో గుణించి, 11,880తో భాగించాలి. ఛాతీ 165, పొడవు 155 అయితే సుమారు 355 కిలోలు. మనిషీ జీనూ కలిపి అందులో ఇరవై శాతం, అంటే 70 కిలోలు దాటకూడదు. మీరు దాటుతున్నారేమో చూసుకోండి.

పాపకి బరువు సమస్య రాదు. మీరు దడిలో ట్రాట్ నుంచి ఒక్క పగ్గంతో, గొంతు పెంచకుండా, రెండువైపులా ఆపగలగాలి. పెట్టె పక్కన రెండు నిమిషాలు వదులు తాడుతో నిలబడాలి. దడి బయట కుక్కలు మొరిగినా అదే నిలకడ ఉండాలి. అప్పుడు, మీరు తాడు పట్టుకుని ఉండగా, నడకలో, పావుగంట. హెల్మెట్ గడ్డం కింద బిగించి, మడమ ఉన్న బూట్లతో. పాదం రికాబులో పావు వంతే ఉండాలి, మొత్తం దూరకూడదు. పాప చేతికి పగ్గాలు ఇవ్వొద్దు, జీను ముందు పట్టీ పట్టుకోమనండి. పగ్గాలు ఇచ్చే రోజు తాడు మీ చేతిలోనే ఉండాలి.